అమ్మ చివరిసారి తిన్న మాకరోనీ

మా అమ్మ గొంతులో గడ్డ ఉందని తేలిన ఏడాది నేను ఏన్కూరులో ఉండేదాన్ని. ఊరి చివర ఒక ప్రైవేటు బడిలో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెప్పేదాన్ని. బడికి దగ్గర్లో రెండు గదుల పోర్షన్ కిరాయికి తీసుకున్నాను. అమ్మ మా తండాలోనే ఉండేది. జూలూరుపాడు వైపు పోయే రోడ్డు మీద, టేకు చెట్లు మొదలయ్యేచోట మా తండా. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ మిర్చి తోటల్లో కాయ ఏరి నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఏళ్ల తరబడి మిరపకాయలు ఏరీ ఏరీ ఆమె వేళ్లకు మంట తెలిసేది కాదు. నాలుకకూ తెలిసేది కాదేమో, జొన్నరొట్టెలోకి పండుమిర్చి కారం ముద్దలా పెట్టుకుని తినేది. కూరలో కారం తక్కువైతే "దవాఖానా కూర లెక్కుంది" అని పక్కన పెట్టేది.

అలాంటి మనిషికి హైదరాబాదులో ఏడు వారాలు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. గడ్డ కరిగిందని డాక్టర్లు సంతోషించారు. కానీ ఆమె నోరంతా పుండయింది. మెతుకు మింగాలంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఉప్పు తగిలినా మండేది. మెత్తగా, చప్పగా ఉండేవి పెట్టమని, పాలూ గుడ్డూ ఎక్కువ ఇవ్వమని చెప్పి పంపారు. తండాలో చూసుకునేవాళ్లు లేక నేను ఆమెను నా పోర్షన్‌కు తెచ్చుకున్నాను.

మా పక్క పోర్షన్‌లో మా బడి సోషల్ టీచరు ఉండేది. నాకంటే మూడేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. వాళ్లది వైరా. చెరువు కింద పొలాలున్న కుటుంబం, తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. భర్త ఉద్యోగం హైదరాబాదులో. ఆదివారాలు వచ్చి పోయేవాడు. వారమంతా ఆమె ఒక్కతే, నేనూ ఒక్కదాన్నే. ఒక గోడకు అటూ ఇటూ నాలుగేళ్లు బతికాం. ఒకరి గిన్నెలు ఒకరింట్లో ఉండేవి. నేను అమ్మతో హైదరాబాదులో ఉన్న ఏడు వారాలూ నా క్లాసులు కూడా ఆమే చెప్పింది. ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత ఏం జరిగినా, ఆ ఏడు వారాలు అబద్ధం కావు.

అమ్మ వచ్చిన మొదటి సాయంత్రం అక్క లోపలికి వచ్చి నేరుగా మంచం మీదే కూర్చుంది. అమ్మ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, "అమ్మా, ఎలా ఉంది?" అంది. నేను వంటగదిలోంచి చూస్తున్నాను. వైరా వైపు పెద్దరైతుల తోటల్లో మా అమ్మను ఏనాడూ ఎవరూ అమ్మా అనలేదు. ఏయ్ అన్నారు, ఓ లంబాడామె అన్నారు. అమ్మ ఆ చేతిని వెనక్కి తీసుకోలేదు. ఆమె పోయాక మా భాషలో నాతో, "మంచి పిల్ల" అంది.

నాలుగు రోజులు అమ్మ పాలు తప్ప ఏమీ ముట్టలేదు. రాగిజావ ఇచ్చాను, ఉగ్గులా చేసిన అన్నం ఇచ్చాను, గుడ్డు ఇచ్చాను. "వాసనొస్తుంది, తీసెయ్" అనేది. శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇంటికొచ్చి సామాన్ల అల్మారా తెరిచి, అందులో ఏముందో చూస్తూ నిలబడ్డాను. ఎప్పుడో కిరాణా కొట్లో పిల్లలు కొంటుంటే చూసి తెచ్చిన మాకరోనీ ప్యాకెట్టు ఉంది. మైదా ఉంది. వెన్న కొద్దిగా, చీజ్ ముక్కలు రెండు, పాలు అరలీటరు, చాయ్‌లోకి తెచ్చిన రస్కులు ఉన్నాయి. మాకరోనీని పాలల్లో ఉడికిస్తే మెత్తగా ఉంటుంది కదా అనిపించింది.

అక్కను అడిగాను. ఆమెకు పెళ్లిలో ఎవరో ఇచ్చిన చిన్న ఓవెన్ ఫ్రిజ్ మీద గుడ్డ కప్పుకుని ఉండేది.

"ఓవెన్‌లో పెడదామే, పైన గట్టిపడి లోపల జున్నులా వస్తుంది," అంది. "నేనెప్పుడూ వాడలేదు గానీ బుక్కులో ఉంటుందిలే."

ఆమె ఆ బుక్కు పట్టుకుని కూర్చుంది, నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. మాకరోనీని ఉప్పు చిటికెడు వేసిన నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి వార్చాను. గిన్నెలో వెన్న కరిగించి రెండు చెంచాల మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా సన్నమంట మీద కలిపాను. రంగు మారనివ్వలేదు. పాలు ఒక్కసారే పోస్తే ఉండలు కడతాయని కొంచెం కొంచెం పోస్తూ కలుపుతూనే ఉన్నాను. గరిటె వెనక పూతలా పట్టుకునేదాకా చిక్కబడింది. అందులో చీజ్ తురిమాను. ఒక ఉడికిన ఆలుగడ్డ చిదిమి వేశాను. చివర్లో గిలకొట్టిన గుడ్డు. మాకరోనీ అందులో కలిపి, స్టీలు డబ్బాకు వెన్న రాసి పోశాను. అక్క రస్కులను చపాతీ కర్రతో పొడి చేసి పైన చల్లింది. ఇరవై నిమిషాలకు పైన గోధుమరంగు పొర తేలి, అంచుల్లో బుడబుడమంటూ పొంగింది. రెండు పోర్షన్లూ పాలు, వెన్న కలిసిన వాసనతో నిండిపోయాయి.

పైపొర అమ్మకు గుచ్చుకుంటుంది. దాన్ని చెంచాతో ఎత్తి అక్క పళ్లెంలో వేశాను. కింది మెత్తటి భాగం చల్లార్చి అమ్మకు తెచ్చాను.

అమ్మ పళ్లెంలోకి వంగి చూసి, "ఏందిది, పురుగుల లెక్క వంకర వంకరున్నయి?" అంది. అక్క కూడా అర్థం చేసుకోవాలని తెలుగులోనే అంది.

"ఒక్క చెంచా తినమ్మా, బాగోకపోతే నేను తినేస్తాను," అంది అక్క.

అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకుంది. మింగింది. నేను ఆమె గొంతునే చూస్తున్నాను. "మంట లేదు," అంది. ఇంకొకటి తీసుకుంది. మొత్తం ఎనిమిది చెంచాలు తింది. నేను లెక్కపెట్టాను. ఎనిమిదోది మింగాక గోడకు ఆనుకుని, "చాలు, పానం కుదుటపడ్డది," అంది. అక్క ఫోన్ తీసి అమ్మ చెయ్యి చెంచా పట్టుకున్నది వీడియో తీసింది. ముంజేతి నిండా పచ్చబొట్లున్న చెయ్యి. "ఇలాంటిది ఉంచుకోవాలే, రేపు చూసుకుంటే బాగుంటుంది," అంది. నాకూ బాగుంటుందనే అనిపించింది.

ఆ తర్వాత మూడు నెలలు వారానికి రెండుసార్లు, మూడుసార్లు అదే వండాను. చీజ్ లేనప్పుడు పన్నీరు, అదీ లేనప్పుడు పాలమీగడ. క్యారెట్ చిదిమి వేశాను, బీరకాయ వేశాను. అమ్మ ఒళ్లు నెమ్మదిగా తేరుకుంది. ఒకరోజు అక్కతో మెట్ల మీద కూర్చుని, అమ్మ ఆ మొదటిరోజు తిన్న ఎనిమిది చెంచాల గురించి చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఎనిమిది వరకూ లెక్కపెట్టినంతసేపూ ఊపిరి బిగబట్టుకున్నానని, అమ్మ దక్కదనే అనుకున్నానని, పైకి ఎవరితోనూ అనలేదని చెప్పాను. అక్క నా వీపు నిమిరింది. ఆ విషయం నేను ఇంకెవరికీ చెప్పలేదు.

మరుసటి ఎండాకాలం అక్క బడి మానేసింది. భర్త ఖమ్మంలో ఉద్యోగం చూసుకున్నాడు, ఇద్దరూ వైరాలో ఆమె పుట్టింటి పై అంతస్తులోకి మారారు. పోయేముందు అమ్మకు మెత్తటి దుప్పటి కొనిచ్చింది. ఫోన్‌లో వంటల ఛానల్ పెడుతున్నానంది. మొదట్లో ప్రతి వీడియో నాకు పంపేది, నేను బాగుందని రాసేదాన్ని. తర్వాత పంపడం తగ్గింది. ఫోన్లూ తగ్గాయి. పనిలో ఉండి ఉంటుందిలే అనుకున్నాను.

ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బాలు తెరుస్తుంటే హిందీ టీచరు నా దగ్గరికి ఫోన్ తెచ్చింది.

"మీ ఫ్రెండ్ వీడియో చూసినవా? మా ఇంట్ల అందరం ఏడ్చినం. నాకు తెల్వనే తెల్వదు ఆమె తల్లి పోయిందని."

"పోలేదే," అన్నాను. నాలుగు రోజుల కిందటే వైరా బస్టాండులో ఆమె తల్లి అరటిపండ్లు బేరమాడుతుంటే చూశాను.

"మరి గిదేంది?"

వీడియో పేరు అమ్మ చివరిసారి తిన్న మాకరోనీ. అక్క తెల్లచీర కట్టుకుని, జుట్టు వదులుగా వేసుకుని, పాలరాతి గట్టు ముందు నిలబడింది. మాకరోనీ వార్చింది. మైదా వేయించింది. పాలు కొంచెం కొంచెం పోసింది. మధ్యమధ్యలో చెప్తోంది. మా అమ్మకు గొంతులో గడ్డ. కరెంటు పెట్టించాం. కారం అంటే ప్రాణమిచ్చే మనిషి ఉప్పు కూడా తినలేకపోయింది. ఒక శనివారం మధ్యాహ్నం అల్మారా తెరిచి ఏముందో చూశాను. ఇంట్లో ఉన్నవాటితోనే ఇది చేశాను. అమ్మ ఎనిమిది చెంచాలు తింది. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టినంతసేపూ ఊపిరి బిగబట్టాను. అవే అమ్మ చివరిసారి తిన్న చెంచాలు.

అక్కడ పాట వచ్చింది. అక్క కొంగుతో కళ్లు అద్దుకుంది. తెర మీద రంగులు తీసేసిన ఒక చెయ్యి కనిపించింది. చెంచా పట్టుకున్న చెయ్యి, ముంజేతి నిండా పచ్చబొట్లు. తర్వాత అక్క ఓవెన్‌లోంచి గిన్నె తీసి, "అమ్మకు ఈ పైపొర అంటే ఎంతిష్టమో," అంది.

నేను డబ్బా మూత పెట్టేశాను. హిందీ టీచరు ఏదో అడుగుతోంది. ఆ వీడియో నాకు పంపమని మాత్రం చెప్పగలిగాను. వంట తీసుకుందని నాకు కోపం రాలేదు. వంటదేముంది, ఓవెన్ ఆమెది, బుక్కు ఆమెది, రస్కులు పొడి చేసింది ఆమే. కానీ మెట్ల మీద నేను ఏడ్చిన ఏడుపు అందులో ఉంది. మాట మార్చకుండా ఉంది.

బడి వదిలాక వెనక గ్రౌండులో నిలబడి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

"చూశావా? నీకే ముందు చెప్దామనుకున్నానే, షూటింగ్ హడావుడిలో కుదరలేదు."

"అక్కా, మా అమ్మ బతికే ఉంది."

"అయ్యో, అవేం మాటలే! అమ్మకేం, నూరేళ్లుంటుంది. నేను మీ అమ్మ అని ఎక్కడైనా అన్నానా? పేరు చెప్పానా, ఊరు చెప్పానా?"

"చెయ్యి ఆమెదే గదా."

"చెయ్యి చూసి ఎవరు గుర్తుపడతారు?"

"మా అమ్మ అన్నవ్ నువ్వు."

"నేనూ అమ్మా అనే కదా పిలిచాను ఆవిడని! అది కూడా తప్పేనా?"

ఆ సంగతి వదిలేసి అడిగాను. "సరే, చచ్చిపోయిందని ఎందుకు చెప్పినవ్?"

అవతల ఏదో మిక్సీ తిరిగి ఆగిన చప్పుడు వినిపించింది.

"బతికిందంటే ఎవరు చూస్తారే?" అంది. గొంతులో కోపం లేదు, సిగ్గు లేదు. చిన్నపిల్లకు లెక్క విడమరిచి చెప్పినట్టు చెప్పింది.

"తీసెయ్ అక్కా. దండం పెడతా."

"చూద్దాంలే. నువ్వు ఇప్పుడు కోపంలో ఉన్నావు. తర్వాత మాట్లాడదాం."

రెండు రోజులు చూశాను. తీయలేదు. మూడో రోజు ఆ వీడియో కింద రాశాను. ఈ తల్లి మా అమ్మ, చనిపోలేదు, ఏన్కూరులో నా దగ్గరే ఉంది, ఈ పూట కూడా అన్నం తింది, అని. పది నిమిషాల తర్వాత చూస్తే నేను రాసింది లేదు. మళ్లీ రాద్దామంటే ఛానల్ తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే పోవడం లేదు. నన్ను బ్లాక్ చేసింది. నాలుగేళ్లు ఒక గోడ పంచుకున్న మనిషి నన్ను ఒక్క వేలితో తీసేసింది. స్టాఫ్‌రూమ్ బాత్రూంలోకి పోయి కొళాయి విప్పి, మొహం కడుక్కుంటున్నట్టు చాలాసేపు నిలబడ్డాను.

అమ్మకు చెప్పకూడదనుకున్నాను. కానీ ఆ ఆదివారం పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే నా ఫోన్ మోగింది, అమ్మే ఎత్తింది. మా మేనమామ భార్య. అవతలి నుంచి పెద్దగా ఏడుపు. అమ్మ ఫోన్ చెవికి దూరంగా పెట్టి, "ఎవరు పోయిన్రు? ఏమైంది?" అని అరుస్తోంది. అవతల ఏడుపు టక్కున ఆగిపోయింది. అత్త తన మనవరాలి ఫోన్‌లో వీడియో చూసి, పచ్చబొట్ల చెయ్యి గుర్తుపట్టింది. ఆ బొట్లు పొడిపించుకున్న రోజు ఆమె కూడా మా అమ్మ పక్కనే కూర్చుందట. తనకెందుకు చెప్పలేదని నన్ను తిట్టడానికి, ఏడవడానికి ఫోన్ చేసింది.

ఇక దాచలేక అమ్మకు అంతా చెప్పాను. చూపించమంది. హిందీ టీచరు పంపిన వీడియో పెట్టాను. అమ్మ గోడకు ఆనుకుని, ఫోన్ మోకాళ్ల మీద పెట్టుకుని, చివరి దాకా చూసింది. తన చెయ్యి వచ్చినచోట తన చేతి వైపు ఒకసారి చూసుకుంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ చూసింది.

"నిజంగనే ఏడుస్తుందా ఈమె?" అని మా భాషలో అడిగింది.

"తెలియదమ్మా."

"పోదాం పద."

"ఎక్కడికి?"

"వైరా. ఎదురుంగ కూసొని అడుగుత."

నేను వద్దన్నాను. ఏం లాభం అన్నాను. అమ్మ అప్పటికే మంచి చీర తీస్తోంది.

పది గంటల బస్సెక్కాం. వైరాలో దిగి ఆటోలో వాళ్లింటికి వెళ్లేసరికి అక్క తల్లి వాకిట్లో పీట మీద కూర్చుని, ఆవకాయకు కొట్టించిన మామిడి ముక్కలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తోంది. పక్కన బేసిన్‌లో ఎర్రటి కారం, ఆవపిండి. ఆ ఘాటు తగలగానే అమ్మకు దగ్గు తెర వచ్చింది. అక్క తల్లి లేచి, మేమెవరమో ఏమిటో అడగకముందే బేసిన్ ఎత్తి లోపల పెట్టి వచ్చింది.

"కారం పడదామ్మా? ఇలా గాలికి కూర్చోండి." నన్ను గుర్తుపట్టింది. "నువ్వు మా అమ్మాయితో చేసేదానివి కదూ? మీ అమ్మగారా? ఒంట్లో బాగాలేదని చెప్పింది. తగ్గిందా?"

అమ్మ నీళ్లు తాగి, నెమ్మదిగా చెప్పింది. "నేను పోయిన్నని మీ బిడ్డ ఫోన్ల చెప్పింది. పోలేదని చూపిద్దామని వచ్చిన."

ఆమెకు అర్థం కాలేదు. నా మొహం చూసింది. నేను ఫోన్ తీసి వీడియో పెట్టి ఆమె చేతికిచ్చాను. కళ్లద్దాలు లేక చెయ్యి బారుగా చాచి చూసింది. మొదట నవ్వుతూ చూసింది, కూతురు తెర మీద ఉంది కదా. మా అమ్మకు గొంతులో గడ్డ అన్నచోట, "ఎవరికి?" అంది. తర్వాత నవ్వు పోయింది. పాట వచ్చి, చెయ్యి వచ్చి, వీడియో అయిపోయాక కూడా ఫోన్ అలాగే పట్టుకుని ఉంది.

"అయితే ఇందులో పోయింది నేనా?" అంది. "మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసి బాగున్నావా వదినా, బాగున్నావా వదినా అని మూడుసార్లు అడిగింది. ఏంటే నీకు పిచ్చా అన్నాను."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అమ్మ ఆపుకోలేదు. ఆ ఇద్దరూ, పోయిన ఇద్దరూ, ఆ వాకిట్లో కాసేపు నవ్వారు. అక్క తల్లి నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత మెట్ల వైపు తిరిగి కూతుర్ని పిలిచింది.

అక్క కిందికి వచ్చింది. మమ్మల్ని చూసి మెట్టు మీద ఆగిపోయింది, అంతలోనే మొహం సర్దుకుని నవ్వింది. "అమ్మా! ఎప్పుడొచ్చారు? ఎంత బాగా తేరుకున్నారు!" అంటూ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకోబోయింది. అమ్మ చెయ్యి కొంగు కిందికి తీసుకుంది.

"ఈవిడా అమ్మే, నేనూ అమ్మనే," అంది అక్క తల్లి. "ఇంతకీ ఇందులో పోయిందెవరే?"

"అమ్మా, అది కథలాంటిది. అందరూ అలాగే చేస్తారు. నీకు ఇవన్నీ తెలియవు."

"నాకు తెలియదు. చెప్పు, తెలుసుకుంటాను."

అక్క నా వైపు చూసింది. ఇదంతా నీ పనేనా అన్నట్టు చూసింది. ఒకే గిన్నెలో తిన్నవాళ్ల మధ్య అలాంటి చూపు ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

అప్పుడు అమ్మ అడిగింది. "బిడ్డా, అండ్ల ఏడ్చింది నా కోసమేనా?"

"మీ కోసమే అమ్మా. ఒట్టు."

"నా కోసం గంత ఏడ్చినదానివి, ఈ ఏడాదిల ఒక్కసారి ఫోన్ చేసి తిన్నవా అని అడగకపోతివి?"

అక్క ఏడవడం మొదలుపెట్టింది. కొంగుతో కళ్లు అద్దుకుంది, కింది పెదవి వణికింది. నేను ఆ మొహంలోకి వెతుక్కుంటూ చూశాను. వీడియోలో ఏడుపుకు, ఈ ఏడుపుకు తేడా ఏదైనా దొరుకుతుందేమోనని. నాకు దొరకలేదు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. రెండూ నిజమేమో, రెండూ కాదేమో. మెట్ల మీద నా వీపు నిమిరిన రోజున కూడా ఇలాగే ఉందేమో. నన్ను అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసింది ఆ అనుమానమే. వెనక్కి పోయి, ఆ నాలుగేళ్లలో ప్రతి రోజునూ మళ్లీ తిప్పి చూసుకోవాల్సి వచ్చింది.

అక్క పైకి వెళ్లిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. ఆమె తల్లి మమ్మల్ని భోజనం చేసి వెళ్లమంది, అమ్మకు పెరుగన్నం మెత్తగా కలిపిస్తానంది. అమ్మ వద్దంది. కారులో దింపిస్తానంటే, బస్సుంది అంది. గేటు దాకా వచ్చి ఆమె అమ్మతో, "మీరు నన్ను ఏమన్నా అనండి, పడతాను," అంది. అమ్మ, "నిన్నెందుకంట తల్లీ, నిన్ను గూడ చంపింది గదా," అంది.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకున్నాను. కళ్లు తెరవకుండానే అంది, "దుప్పటి మాత్రం మంచిది ఇచ్చింది." ఇంటికొచ్చాక ఆ దుప్పటి పారేద్దామని నేను తీస్తే అమ్మ లాక్కుని మళ్లీ కప్పుకుంది.

రెండు రోజులకు అక్క వీడియో తీసేసింది. బహుశా తల్లే తీయించి ఉంటుంది. కానీ అప్పటికే దాన్ని ఎవరెవరో ఎక్కడెక్కడికో పంపుకున్నారు, ఇప్పటికీ ఏదో ఒక కుటుంబం గ్రూపులో తేలుతూనే ఉంటుంది. అక్క నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. పక్క పోర్షన్‌లోకి ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం వచ్చింది. మంచివాళ్లే. ఆమె గిన్నెలో కూర పంపితే గిన్నె వెంటనే కడిగి ఇచ్చేస్తాను. ఇంట్లోకి రమ్మంటే పని ఉందంటాను. అమ్మ గమనించింది. "అందరూ ఒక్కతీరు ఉండరు," అంటుంది. ఉండరని నాకూ తెలుసు.

మొన్న చలికాలం అమ్మను పరీక్షలకు హైదరాబాదు తీసుకెళ్లాను. అంతా బాగుందనే అంటున్నారు, అయినా ఏడాదికి రెండుసార్లు రావాలి. వరండాలో బెంచీ మీద అమ్మ నా భుజానికి ఆనుకుని కునుకు తీస్తోంది. పక్కన ఇల్లందు నుంచి వచ్చిన ఒకామె, ఆమె భర్త. ఆయనకు కూడా గొంతులోనే, కరెంటు పెట్టి పది రోజులైందట. బుగ్గలు లోపలికి పోయాయి.

"మీ అమ్మ మంచిగనే ఉన్నది," అంది ఆమె మెల్లగా. "ఏం పెట్టినవమ్మా అప్పుడు? ఈయన ఏదీ మింగుతలేడు."

మాకరోనీ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. రెండు మాటలు చెప్పానో లేదో ఆమె మొహం వెలిగింది.

"అవ్, గది నేను ఫోన్ల చూసిన! ఎనిమిది చెంచాలు తిన్నదట, తర్వాత పోయిందట పాపం ఆ తల్లి. గదే గదా? చూసి మస్తు ఏడ్చిన. గందుకే ఈయనకు చెయ్యాల్నంటే భయమైతుంది. చివరిసారి తిన్నది అని చెప్పింది గదా ఆమె."

ఆ తల్లి నా భుజం మీద నిద్రపోతోంది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. మొత్తం చెప్పాలంటే చాలా ఉంది. ఆమెకు కావలసింది అది కాదు. ఆమె భర్త నీళ్ల సీసా మూత తీయలేక అవస్థ పడుతున్నాడు.

"గట్లేం కాదమ్మా," అన్నాను. "మా అమ్మ మూడు నెలలు అదే తిన్నది. అది తినే ఇట్ల తేరుకున్నది. భయం లేకుండ చెయ్యి."

"నిజంగనా? మరి ఓవెన్ లేకుంటే?"

"కుక్కర్‌ల ఇసుక పోసి, విజిల్ తీసేసి పెట్టు. అయితది."

ఆమె సంచిలోంచి పాత చీటీ తీసింది. పెన్ను నేనిచ్చాను. మైదా ఎంత, పాలు ఎంత అని అడిగి రాసుకుంది. ఉండలు కట్టకుండా ఎలా పొయ్యాలో చేత్తో కలిపి చూపించాను.

"నీకెవరు చెప్పిన్రు? ఆ వీడియో చూసే నేర్చుకున్నవా?" అంది రాసుకుంటూనే.

"లేదు. మా ఇంట్లనే చేసినం," అన్నాను. "నేను, ఇంకొకామె."

ఆ ఇంకొకామె ఎవరని ఆమె అడగలేదు. లోపలి నుంచి అమ్మ నంబరు పిలిచారు. లేపి, చీర సర్ది, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను.